మోటర్ ఆపండి ఆంటీ

ఇది జరిగి రెండు రోజులే అయింది, ఓనర్ అంకుల్ ఇంకా నన్ను చూస్తే పేపర్ అడ్డం పెట్టుకుంటున్నారు.

మేడ్చల్‌లో పెంట్‌హౌస్‌లో ఉంటాం. పెంట్‌హౌస్ అంటే ఏదో ఊహించుకోకండి, నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల కప్పుతో రెండు గదులు. ట్యాంకు పక్కనే ఉన్నామని మోటర్ వేసే డ్యూటీ మాకే అంటగట్టారు. స్విచ్ మాత్రం కింద, ఓనర్ ఆంటీ గుమ్మానికి రెండడుగుల దూరంలో. ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోయే పరికరం పెట్టించండి మహాప్రభో అని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. వాటర్ బిల్లు వసూలుకున్న ఓపిక దానికి లేదు.

ఆ రోజు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. నేను మోటర్ వేసి, జిప్పు పోయిన సూట్‌కేసు రిపేర్‌కని పట్టుకుని స్టేషన్‌కి పరిగెత్తాను. 2023లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు మా ఊరి దాకా వచ్చింది గానీ బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఒకటి తప్పిందంటే కొంపల్లి, సుచిత్ర ట్రాఫిక్‌లో బస్సే దిక్కు.

గౌడవల్లి దాటాక గుర్తొచ్చింది, మోటర్ ఆపలేదని.

ఆంటీకి ఫోన్ చేశాను. గుండ్లపోచంపల్లి, బొల్లారం మధ్య సిగ్నల్ ఎలా వచ్చిపోతుందో అటు తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైగా ఆంటీకి వినికిడి కాస్త తక్కువ. "ఆంటీ, ట్యాంకు నిండి పారిపోతూ ఉంటుంది!" అని అరిచాను. నీళ్ళు పారినా, మనిషి పారిపోయినా మన భాషలో ఒకటే మాట పెట్టిన పెద్దలకి ఒక దండం. ఆవిడకి చేరింది చివరి ముక్క ఒక్కటే.

"ఏందీ, పారిపోతున్నవా?"

"నేను కాదాంటీ, నీళ్ళు!" అన్నాను. 'నేను' దగ్గరే సిగ్నల్ పోయింది.

మళ్ళీ ఆవిడే చేసింది. నా ఫోన్ స్పీకర్‌లో పెట్టకపోయినా స్పీకర్‌లో పెట్టినట్టే వినిపిస్తుంది, రైలు పెట్టె మొత్తానికి. "గందుకేనా పిల్లను ముందుగాల్నే తల్లిగారింటికి పంపినవ్! పొద్దుగాల సూట్‌కేసు పట్టుకపోతుంటె చూస్తనే ఉన్న! ఈ నెల కిరాయి ఇయ్యకపోతివి!" ఆ సూట్‌కేసు నా కాళ్ళ మధ్యే ఉంది, జిప్పు ఊడి నోరు తెరుచుకుని. అందులో ఏమీ లేదు. అది ఇంకా అనుమానంగా కనబడింది.

అల్వాల్‌కి పెట్టె నిండింది, విషయం కొత్తగా ఎక్కినవాళ్ళకి కూడా అందింది. "అన్నా, ఎన్ని నెలల కిరాయి?" అని ఒక కుర్రాడు. "అడ్వాన్స్ ఇచ్చే ఉంటడు, దాంట్ల కట్ చేసుకుంటరు, నువ్ ఫికర్ చెయ్యకు" అని టిఫిన్ బాక్స్ పట్టుకున్న ఒక పెద్దాయన నాకు ధైర్యం. నేనేమో "మోటర్... స్విచ్... మెట్ల కింద..." అని విడివిడిగా, ఒక్కో మాటా ఒక్కో ఉత్తరంలా పంపుతున్నాను. "మోటర్ గూడ ఎత్తుకపోయినవా?" అంది ఆంటీ.

"పారిపోయేటోడు ఫోన్ చేసి చెప్తడా?" అని ఒకాయన మాత్రం అన్నాడు. పెట్టెలో నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి. అమ్ముగూడలో దిగిపోయాడు.

చివరికి మోటర్ ఎవరు ఆపారంటే అంకుల్ ఆపారట, సన్‌షేడ్ మీంచి నీళ్ళు ధారగా ఆయన చదువుతున్న పేపర్ మీద పడ్డాక. తడిసిన పేపర్ చూశాకైనా ఫోన్‌లో నేనేం అరిచానో ఇద్దరికీ తట్టాలి కదా, తట్టలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అంకుల్ గేటుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కిరాయి అక్కడే ఫోన్‌లో పంపించాను. మెసేజ్ రెండుసార్లు చదువుకుని, నా ఖాళీ చేతుల వైపు చూశారు.

"సూట్‌కేసేది?"

"రిపేర్‌కిచ్చానంకుల్. గురువారం ఇస్తామన్నారు."

కుర్చీ జరపలేదు.