బ్రహ్మకమలం కోయొచ్చా?

(ఉత్తరాఖండ్‌లోని ఘాంఘరియా, ఆగస్టు నెల. కొండమీది సిక్కు గురుద్వారా హేమకుండ్ సాహిబ్ ఎక్కి దిగిన సాయంత్రం ఒక అక్కకీ తమ్ముడికీ మధ్య జరిగిన వాదం.)

తమ్ముడు: ఒక్క పువ్వు కూడా కోయకూడదక్కా. ఊరివాళ్లయినా సరే, దేవుడికైనా సరే.

అక్క: దేవుడి పేరు చెప్పే కదరా ఇన్నాళ్లూ అది మిగిలింది! ఇక్కడివాళ్లు నందాష్టమి దాకా ఆ పువ్వును ముట్టుకోరు. మన వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజది. అప్పుడైనా ఉపవాసం ఉండి, చెప్పుల్లేకుండా కొండెక్కి, పూజకు కావలసినవే తెస్తారు. జులైలో పూత మొదలైతే, అప్పటికి గింజ కట్టడానికి టైమ్ దొరుకుతుంది. చట్టాలు రాకముందు ఆ మొక్కను కాచింది ఈ కట్టుబాటే.

తమ్ముడు: ఇప్పుడు గుళ్ల దగ్గర ఆ పూలు అమ్ముతున్నారు. అమ్ముకునేవాడు అష్టమి దాకా ఆగుతాడా? మన పెరట్లో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం లాంటిది కాదిది. మనది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్, ముక్క గుచ్చితే చాలు, నాటుకుంటుంది. ఇది బంతి, చామంతి కుటుంబానిది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో, రాళ్ల సందుల్లో, మంచు లేని ఆ కొద్ది నెలల్లోనే పూసి గింజ కట్టాలి. పొద్దున చూశావే, లేత పసుపు కలిసిన తెల్లటి రేకులు? నిజానికి అవి రేకులు కావు, ఆకుల్లాంటి తొడుగులు. అసలు పూలు లోపల ఊదారంగు గుత్తిగా ఉంటాయి. వానకు తడవకుండా, చలికి బిగుసుకుపోకుండా ఆ తొడుగు వాటిని వెచ్చగా దాస్తుంది. పువ్వు కోస్తే గింజను కూడా కోసినట్టే.

అక్క: నేను చెయ్యి చాపితే నువ్వే ఆపావు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ మనుషుల్ని మొత్తంగా పంపేస్తే కొండ బాగుపడుతుందంటే మాత్రం నమ్మను. పక్కనున్న పూలలోయనే చూడు. 1982లో జాతీయ పార్కు చేసి గొర్రెల్ని, మేకల్ని రానివ్వలేదు. తర్వాత అమేలా అనే మొక్క గుబురుగా పెరిగి చిన్న పూలమొక్కల్ని కమ్మేసింది. ఇప్పుడు అటవీశాఖే దాన్ని పీకిస్తోంది.

తమ్ముడు: మేత ఆగడం ఒక్కటే కారణం కాదక్కా. కొండచరియ జారి మట్టి కదిలిన చోట కూడా అది అల్లుకుపోతుంది.

అక్క: సరే. మరి దారిలో చూసిన మోనాల్ పక్షి ముక్కుతో నేల తవ్వి దుంపలు తింటుంది కదా. దాన్ని ఆపమనవుగా?

తమ్ముడు: అది తన ఆకలికి తవ్వుకుంటుంది, అమ్ముకోవడానికి కాదు.

అక్క: నేననేదీ అదే! అమ్మకం ఆపమను, నందాదేవి పూజకు తెచ్చుకునేవాళ్లను ఆపొద్దు.

తమ్ముడు: బుట్టలో పువ్వు ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. ఏది పూజకో, ఏది అమ్మకానికో గార్డుకి ఎలా తెలుస్తుంది?

అక్క: గార్డుకి తెలియకపోవచ్చు, ఊరికి తెలుస్తుంది. రేపు దిగేటప్పుడు దారిలోని భ్యూందర్ ఊళ్లో ఆగి పెద్దవాళ్లను అడుగుదాం.

తమ్ముడు: అడుగుదాం. వాళ్ల పిల్లలు ఇంకా అష్టమి దాకా ఆగుతున్నారా అని కూడా అడగాలి.