దేవుడు వచ్చింది

మా పాప తెలుగు నోట్‌బుక్ ఇప్పుడే చూశాను. "దేవుడు వచ్చింది" అని రాసింది. దాని మీద కాగితం చిరిగేంత గట్టిగా ఎర్ర గీత, పక్కన "వచ్చాడు". సరే, వ్యాకరణం ప్రకారం తప్పే, ఒప్పుకున్నాం. కానీ పిల్ల ఊరుకోకుండా "మగవాడని ఎలా తెలుసు టీచర్?" అని అడిగిందట. "పిచ్చి ప్రశ్నలు వేయకు" అని కసిరి కూర్చోబెట్టారట.

ఏం పిచ్చి అందులో? పెద్దవాళ్ళకి జవాబు తెలియని ప్రతి ప్రశ్నా పిచ్చిదే కదా మనకి!

మండి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బాబాయి క్షణంలో ప్రత్యక్షం. "దేవుడికి లింగభేదం లేదమ్మా, ఆయన అన్నిటికీ అతీతుడు." ఆయనట! అతీతుడట! లింగం లేదని చెప్పే వాక్యంలోనే రెండుసార్లు మగవాణ్ణి చేసేశాడు. బాబాయ్, నీకంటే మా పాపే నయం.

సంస్కృతంలో పరబ్రహ్మం నపుంసకలింగం. ఆ మాటకొస్తే పెళ్ళాం కూడా భార్య అంటే స్త్రీలింగం, దార అంటే పుంలింగం, కళత్రం అంటే నపుంసకం. ఇంట్లో ఉన్న మనిషి దగ్గరే ఇంత తికమక పడ్డ వ్యాకరణం దేవుడి సంగతి తేలుస్తుందా? హీబ్రూలో ఆత్మ అనే మాట స్త్రీలింగం, గ్రీకులో నపుంసకం, లాటిన్‌లో పుంలింగం. పాపం పరిశుద్ధాత్మ, రెండు సరిహద్దులు దాటేసరికి మగవాడైపోయాడు. శ్వేతాశ్వతరోపనిషత్తు మాత్రం "నువ్వే స్త్రీవి, నువ్వే పురుషుడివి, కుమారుడివీ కుమారివీ నువ్వే" అని మొహమాటం లేకుండా చెప్పేసింది. చదివేదెవరు?

అన్నిటికంటే నాకు మండేది ఇది. 1992లో వచ్చిన కథోలిక ధర్మబోధ (క్యాథలిక్ చర్చి నమ్మకాలన్నీ చెప్పే అధికారిక పుస్తకం) 239వ పేరాలో దేవుడు పురుషుడూ కాదు, స్త్రీ కాదు అని శుభ్రంగా రాశారు. దాన్ని వెలువరించిన రెండో జాన్ పాల్ పోపే 1994లో ఆడవాళ్ళకి గురుపట్టం ఇచ్చే, అంటే వాళ్ళని ఫాదర్లని చేసే, అధికారం శ్రీసభకి (వాళ్ళ చర్చికి) లేనే లేదని లేఖ రాశాడు. అంటే పైనున్న యజమానికి అక్కర్లేని మగతనం కింద పనిచేసేవాళ్ళకి తప్పనిసరి!

మనవాళ్ళేం నవ్వక్కర్లేదు. 8వ తరగతిలో మాకు చెప్పిన పాఠం నేను చచ్చేదాకా మరిచిపోను. మగవాళ్ళు మహద్వాచకాలు, మహత్తు అంటే గొప్పది. ఆడవాళ్ళు, గేదెలు, బండరాళ్ళు అమహద్వాచకాలు. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. ఆ ఏడాదంతా మగపిల్లలు మమ్మల్ని "ఏయ్ అమహత్తూ" అని పిలిచారు. అప్పుడు ఎవరి నోట్‌బుక్‌లోనూ ఎర్ర గీత పడలేదు. దేవుడికి ఒక్కసారి "వచ్చింది" తగిలేసరికి మాత్రం సిరా పొంగుకొచ్చింది. దేవుణ్ణి మా గుంపులో కలిపితే అంత అవమానమా?

ఇది రాస్తుంటే పాప పక్కనే కూర్చుని ఆ ఎర్ర గీత కింద ఇంకో వాక్యం రాసింది: "దేవుళ్ళు వచ్చారు." బహువచనంలో ఆడా మగా ఒకటేనని నేనైతే చెప్పలేదు. రేపు దీనికి ఏ సిరా పడుతుందో చూస్తాను.