బొగ్గును ఓడెక్కిద్దాం, పట్టాలు ప్రయాణికులకు వదులుదాం

2022 ఏప్రిల్, మే ఎండల్లో కరెంటు ప్లాంట్లకు బొగ్గు చాలక, బొగ్గు రేకులకు, అంటే బొగ్గు మోసే గూడ్సు రైళ్లకు, దారివ్వడానికి రైల్వే వందలాది ప్యాసింజర్ ట్రిప్పులు రద్దు చేసింది. సముద్ర రవాణా అనగానే మనం టన్నుకు ఎంత మిగిలిందనే చూస్తాం గానీ, నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం పట్టాల మీద రద్దీ తగ్గడం.

నెల్లూరు జిల్లా నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రాన్నే తీసుకోండి. ఒడిశా తాల్చేరు గనుల బొగ్గు రైల్లో పారాదీప్ చేరి, అక్కడ ఓడెక్కి కృష్ణపట్నంలో దిగుతుంది. ప్లాంటు పోర్టు పక్కనే. ఒక రేకులో పట్టేది సుమారు 4,000 టన్నులు, కాబట్టి 70,000 టన్నుల ఓడ ఒక్కటి వస్తే పదిహేడు పద్దెనిమిది రేకులు హౌరా-చెన్నై లైను మీదికి రాకుండా తప్పినట్టే. విజయవాడ ఔటర్‌లో రైలు ఆగిపోయి ఉక్కపోతలో కూర్చున్న ఎవరికైనా ఆ లెక్క విలువ తెలుసు.

ఓడ వేగం గంటకు పాతిక కిలోమీటర్లే. కానీ బరువు మోసేది నీళ్లు, వేయాల్సిన పట్టా లేదు, భూసేకరణ గొడవ లేదు, ఇరవై పాతికమంది సిబ్బందితో అంత సరుకూ వచ్చేస్తుంది. అదే లారీల్లో అయితే వేలమంది డ్రైవర్లు, డీజిల్, టోల్‌గేట్లు. విమానం ఊసే అనవసరం. బొగ్గు తొందరగా రానక్కర్లేదు, తెగకుండా వస్తే చాలు.

అలాగని సముద్రం ఎప్పుడూ చవకే అనుకోకూడదు. ఖర్చంతా రెండు కొసల్లో ఉంటుంది: వ్యాగన్ల నుంచి యార్డులో గుమ్మరించాలి, బెల్టు మీద ఓడలోకి పంపాలి, ఇటు గ్రాబు క్రేన్లతో మళ్లీ తోడాలి, దించి ఎక్కించిన ప్రతిసారీ చార్జీలు, గాలికి పోయే పొడి. 2022 చివర్లో పంజాబ్‌ను కూడా ఇదే పద్ధతిలో, బొగ్గును శ్రీలంక చుట్టూ గుజరాత్ రేవులకు తెచ్చి మళ్లీ రైలెక్కించుకోమని కేంద్రం అడిగితే ఆ రాష్ట్రం గట్టిగా ఎదురుతిరిగింది. న్యాయమే, తీరమే లేని రాష్ట్రానికి ఆ తిప్పలెందుకు?

మనకు తీరం ఉంది, విశాఖ నుంచి కృష్ణపట్నం దాకా లోతైన రేవులున్నాయి. కొత్త ప్లాంటుకో సిమెంటు గ్రైండింగ్ యూనిట్‌కో స్థలం ఇచ్చేముందు రేవు ఎంత దూరమో చూడాలి. ఇంకోటి, దించేసిన ఓడ ఖాళీగా వెనక్కి పోతే ఆ కిరాయి కూడా చివరికి మన కరెంటు బిల్లులోకే వస్తుంది. తిరుగు లోడు దొరికేలా చూసే పని రాష్ట్ర రేవుల బాధ్యత చూసే మారిటైమ్ బోర్డు ఇప్పుడే మొదలుపెట్టాలి.