ఇరవై మాత్రలు తూచి సంతకం పెడితే సరిపోదు

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు టాబ్లెట్ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళంతా, ముఖ్యంగా ఐపీక్యూఏలో (తయారీ నడుస్తుండగానే నాణ్యత చూసే విభాగంలో) కొత్తగా చేరినవాళ్ళు, ఇది చివరిదాకా చదవండి. అరగంటకోసారి ఇరవై మాత్రలు తూచి, సగటు లిమిట్‌లో ఉందని బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) రాసేస్తే ఇన్‌ప్రాసెస్ చెక్ అయిపోయినట్టే అనుకుంటున్నారు. అయిపోలేదు. లెక్క చూడండి.

45 స్టేషన్ల (పొడిని నొక్కి మాత్ర చేసే 45 జతల పంచ్‌లున్న) సింగిల్ రోటరీ మెషిన్ నిమిషానికి 30 చుట్లు తిరుగుతోందనుకుందాం. గంటకు 81,000 మాత్రలు, అరగంటకు 40,500. మాత్ర బరువు 600 మిల్లీగ్రాములు. పొడి చేరి ఒకే ఒక కింది పంచ్ బిగుసుకుంది, పొడి నిండే చోట పూర్తిగా కిందికి దిగడం లేదు. దాన్నుంచి వచ్చే ప్రతి మాత్రా 8 శాతం తేలిక, అంటే 552. మీరు ఒక చుట్టులోంచి ఇరవై మాత్రలు తీస్తే ఆ పంచ్ మాత్ర అందులో లేకపోయే అవకాశమే ఎక్కువ, 45లో 25 వంతులు. ఒకవేళ దొరికినా సగటు 600 నుంచి 597.6కు దిగుతుంది, అంతే. ఎవరి కంటికీ ఆనదు. ఈలోగా అరగంటకు 900 తేలిక మాత్రలు డ్రమ్ములో పడిపోతుంటాయి.

"విడివిడిగా తూచాం, ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) ప్రకారం పాసే" అంటారు. నిజమే, పాసే. 250 మిల్లీగ్రాములు, ఆ పైన ఉన్న మాత్రలకు ఐపీ లిమిట్ ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం. ఇరవైలో రెండు దాటొచ్చు, ఏదీ 10 శాతం దాటకూడదు. 8 శాతం తేడా ఉన్న మాత్ర ఒక్కటే కాబట్టి గట్టెక్కేస్తుంది. ఆ లిమిట్ తయారైన మందుకు పెట్టింది. నడుస్తున్న మెషిన్‌ను పట్టుకోవాలంటే అంతకంటే బిగువైన సొంత లిమిట్లు ఉండాలి. సెట్టింగ్ అయ్యాక ఒకసారి, ప్రతి షిఫ్ట్ మొదట్లో ఒకసారి పూర్తి చుట్టు, అంటే వరసగా 45 మాత్రలు పట్టి ఒక్కొక్కటే తూచాలి. మాత్రలు రెండు వైపుల నుంచి బయటికొచ్చే డబుల్ రోటరీ అయితే రెండు వైపులా విడివిడిగా. రెండు చ్యూట్ల (మాత్రలు జారి వచ్చే దారుల) మాత్రలు కలిపి తూస్తే ఏ వైపు తప్పుందో తెలియదు.

ఇంకోటి, అంకెల వరస చదవండి. 600, 603, 607, 611... అన్నీ లిమిట్ లోపలే, కానీ మెషిన్ ఒక వైపుకు జరుగుతోంది. హాపర్ (పొడి పోసే తొట్టి) ఖాళీ అయ్యేటప్పుడు, ఆగిన మెషిన్ మళ్ళీ మొదలైనప్పుడు, స్పీడ్ మార్చినప్పుడు గడియారంతో పని లేకుండా శాంపిల్ తీయాలి. బ్యాచ్ చివర సన్నపొడి పాళ్ళు పెరిగి ప్రవాహం మారిపోతుంది, బరువు తప్పేది ఎక్కువగా అక్కడే.

ఫ్రయబిలిటీ (మాత్ర రాపిడికి ఎంత అరుగుతుందో చూసే పరీక్ష) గురించి కూడా చెప్పాలి. 650 మిల్లీగ్రాముల వరకు మాత్రలైతే 6.5 గ్రాములకు దగ్గరగా తీసుకుని, దుమ్ము దులిపి, తూచి, నిమిషానికి 25 చుట్ల చొప్పున 4 నిమిషాలు తిప్పుతాం. తరుగు 1 శాతం లోపల ఉందని పాస్ రాసేస్తున్నారు. ట్రేలో ఒక్క మాత్రకు టోపీ (పై పొర) ఊడినా, పగిలినా తరుగు ఎంతున్నా అది ఫెయిలే. అప్పుడు ఆపరేటర్ చేసే మొదటి పని ప్రెషర్ పెంచడం. దాంతో క్యాపింగ్ (ఈ టోపీ ఊడడం) ఇంకా పెరగొచ్చు. గ్రాన్యూల్స్‌లో (మాత్ర చేసే గుళికల పొడిలో) తేమ మరీ తగ్గిందేమో, సన్నపొడి ఎక్కువైందేమో చూసి, స్పీడ్ తగ్గించి ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుడుకు ముందు మెల్లగా నొక్కడం) సర్దాలి. వానాకాలంలో డీహ్యూమిడిఫైయర్ సరిగా లేకపోతే బాధ తిరగబడుతుంది, పంచ్‌కు అంటుకోవడం మొదలవుతుంది. ఎండాకాలం సెట్టింగే ఆగస్టులోనూ పనిచేస్తుందనుకోవడం తప్పు.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్ళు వినాలి. ఇరవై మాత్రలు ఒక్కొక్కటే తూచి, హార్డ్‌నెస్, థిక్‌నెస్ చూసి, డిసింటిగ్రేషన్ పెట్టి (మాత్ర విడిపోయే పరీక్ష; కోటింగ్ లేని మాత్రకు ఐపీ గడువే 15 నిమిషాలు) రాయడానికి తక్కువలో తక్కువ 25 నిమిషాలు పడుతుంది. నాలుగు కంప్రెషన్ రూములకు ఒక్క మనిషిని పెట్టి అరగంటకోసారి చెక్ కావాలంటే అది జరిగే పని కాదు. అందుకే సీ షిఫ్ట్‌లో (రాత్రి షిఫ్ట్‌లో) ఎంట్రీలన్నీ తెల్లవారుజామున ఒకేసారి పడుతున్నాయి. బ్యాలెన్స్ ప్రింటౌట్ టైమూ బీఎంఆర్ టైమూ పక్కపక్కన పెడితే దొరికిపోయేది చెక్ రాసే ఆ పిల్లలే. 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో షెడ్యూల్ ఎం (మందుల తయారీ నియమాలు) మారింది. పని జరిగినప్పుడే రికార్డు రాయాలంటే మనుషులను కూడా ఇవ్వాలి కదా!

చెక్ ఫెయిలైతే అప్పటి డ్రమ్ము ఒక్కటి పక్కన పెట్టి ఊరుకోవద్దు. అంతకుముందు సరిగా వచ్చిన చెక్ దాకా వెనక్కి వెళ్ళి, మధ్యలో నిండిన డ్రమ్ములన్నీ హోల్డ్‌లో పెట్టాలి. అందుకే ప్రతి డ్రమ్ము లేబుల్ మీద వరస నంబరు, మొదలైన టైము, నిండిన టైము ఉండాలి. అవి లేకపోతే ఎక్కడిదాకా వెనక్కి వెళ్ళాలో తెలియక మొత్తం బ్యాచ్ ఆపాల్సి వస్తుంది.