బాడీ వచ్చింది, లెన్సు రావాల్సి ఉంది

"ఫొటోగ్రఫీ సీరియస్‌గా చేద్దామనుకుంటున్నావా? అయితే ఫుల్‌ఫ్రేమ్‌కి వెళ్ళిపో."

ఈ మాట అనే అధికారం ఎవరికుందో ఎక్కడా రాసి లేదు గానీ, అననివాడు మాత్రం కనబడడు. అడిగినవాడు ఏం తీస్తాడు, దగ్గర ఏ లెన్సులున్నాయి, చేతిలో ఎంతుంది? ఈ మూడూ అనవసర ప్రశ్నలు. దేవుడు సెన్సర్‌ని (కెమెరా లోపల వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే పలకని) 36 × 24 మిల్లీమీటర్లుగా సృష్టించాడు, అదే ఫుల్‌ఫ్రేమ్. అంతకన్నా చిన్నవన్నీ సైతాను పని. నిజానికి ఆ కొలత ఏ కొండమీదా దొరకలేదు. సినిమా ఫిల్ముని అడ్డంగా నడిపి, రెండు ఫ్రేముల జాగాని ఒకటి చేసి, 1925లో లైట్జ్ కంపెనీ బజారులోకి తెచ్చిన లైకా కెమెరాది. ఆనాటి పెద్ద ఫిల్ము కెమెరాల పక్కన అది బుల్లి వస్తువు. ఇవాళ మూలవిరాట్టు.

భక్తిని కాసేపు పక్కన పెడదాం. ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. చిన్న సెన్సర్ ఏపీఎస్-సీ (దీన్నే క్రాప్ అంటారు) సుమారు 23.5 × 15.6, అంటే 366 చిల్లర. అపెర్చరూ (లెన్సులో వెలుతురు దూరే కంత) షట్టరూ (వెలుతురు పడనిచ్చే సమయం) ఒకటే అయితే పెద్ద సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు 2.35 రెట్లు. స్టాపుల్లో (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు) ఒకటింబావుకి కాస్త తక్కువ. క్రాప్ బాడీలో ఐఎస్ఓ (ఫొటో ఎంత ప్రకాశంగా రావాలో చెప్పే అంకె) 3200 దగ్గర కనబడే నాయిస్, అంటే గరుకు, అదే తరం ఫుల్‌ఫ్రేమ్‌లో 7500 దగ్గర కనబడుతుంది. అబద్ధం కాదు, మంచి లాభమే.

ఇప్పుడు ఎవరూ వెయ్యని లెక్క. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది). దాన్ని తీసేసి 50 మి.మీ. ఎఫ్/1.8 తగిలిస్తే మూడు స్టాపులు పైన, దాదాపు పది రెట్ల వెలుతురు. ఏ కంపెనీ జాబితాలో చూసినా అది చవక లెన్సుల వరసలోనే ఉంటుంది. ఒకటింబావు స్టాపు కోసం బాడీ, లెన్సులు, ఆఖరికి సంచీ కూడా మార్చాలి. మూడు స్టాపులకి గుప్పెట్లో పట్టే ఒక్క లెన్సు చాలు. అయినా ఈ సలహా ఇవ్వరు. ఆ లెన్సు మెడలో వేలాడితే ఎవరూ తిరిగి చూడరు మరి.

పైగా బడ్జెట్ ఫుల్‌ఫ్రేమ్ కిట్ అనే విచిత్రం ఒకటుంది. కానన్ ఈఓఎస్ ఆర్‌పీతో ఇచ్చే 24-105 జూమ్ ఆ చివర ఎఫ్/7.1. నికాన్ జెడ్5తో వచ్చే 24-50 ఆ చివర ఎఫ్/6.3. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/7.1కి వస్తే మూడింట రెండొంతుల స్టాపు పోతుంది. సెన్సర్ ఇచ్చింది లెన్సు పట్టుకుపోగా చేతికి మిగిలేది అర స్టాపు పైచిలుకు, ఎఫ్/6.3 అయితే మహా అయితే ఒకటికి కాస్త తక్కువ. ఇంత వ్రతమూ దానికోసం.

ఈ వ్రతంలో చూడముచ్చటైన ఘట్టం మాత్రం గృహప్రవేశం. నికాన్ డీ750 బాడీ వచ్చింది. 24 మెగాపిక్సెళ్ళు. లెన్సుకి డబ్బుల్లేవు. ఫరవాలేదు, పాత క్రాప్ కెమెరాతో వచ్చిన డీఎక్స్ (నికాన్ చిన్న సెన్సర్‌కి చేసేది) 18-140 లెన్సు ఉందిగా! మౌంటు ఒకటే, టక్కున కూర్చుంది. కెమెరా తెలివైనది. వచ్చింది చిన్న సెన్సర్ లెన్సని పసిగట్టి, తన సెన్సర్లో నడిమి ముక్కనే వాడటం మొదలెట్టింది. ఫొటో పది మెగాపిక్సెళ్ళు. మొన్న అమ్మేసిన క్రాప్ కెమెరా ఇదే లెన్సుతో 24 ఇచ్చేది. ఖర్చు పెరిగింది, పిక్సెళ్ళు సగానికన్నా కిందికి పడ్డాయి, యజమాని మొహంలో కళ మాత్రం తగ్గలేదు. "ఆ టోన్స్ చూశారా? అదండీ ఫుల్‌ఫ్రేమ్ అంటే!"

ఇంతలో ఎవరో పుణ్యాత్ముడు మెనూలోకెళ్ళి ఆటో డీఎక్స్ క్రాప్ ఆపెయ్యమన్నాడు. ఆపేశాడు. 24 మెగాపిక్సెళ్ళూ వచ్చాయి, నాలుగు మూలలా కటిక చీకటితో సహా. తలుపు కంతలోంచి చూస్తున్నట్టుంది లోకం. దానికి "సినిమాటిక్ విన్యెట్" అని పేరు పెట్టి కొన్నాళ్ళు నడిపాడు. మెచ్చుకునేవాళ్ళు తగ్గాక కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫొటోలో ఆ నల్ల మూలల్ని కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తిరిస్తే మిగిలిందెంత? అటూ ఇటూగా మళ్ళీ ఆ పదే. కెమెరా అడక్కుండా చేసిపెట్టిన పనిని మనిషి నిద్ర మానుకుని చేస్తున్నాడు, దాన్ని పోస్ట్ ప్రాసెసింగ్ అంటున్నాడు. కానన్‌వాళ్ళు ఈ విషయంలో దయామయులు. చిన్న సెన్సర్‌కి చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సుని ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ మీద అసలు బిగియనివ్వరు. అడాప్టరుతో ఆర్‌పీకి తగిలిస్తే మాత్రం అక్కడా 26 మెగాపిక్సెళ్ళు కాస్తా పదికి దిగుతాయి.

ఇక బొకే, అంటే వెనకంతా మసకబారే అందం. 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా నిలిచే మందం ఆరు సెంటీమీటర్లు. కన్ను నిలిచింది, చెవి కరిగింది, జన్మ ధన్యమైంది. అదే ఊపులో రెండు వరసల గ్రూప్ ఫొటో తీస్తే వెనక వరస వాళ్ళకి తామెవరో తామే పోల్చుకోలేని పరిస్థితి. వాళ్ళూ మనుషులే కాబట్టి ఎఫ్/8కి దించాలి. క్రాప్ కెమెరాలో ఆ లోతు (స్పష్టంగా నిలిచే మందం) ఎఫ్/5.6కే వచ్చేస్తుంది. కనక షట్టర్ అలాగే ఉంచితే ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ ఒక స్టాపు పెంచక తప్పదు. కొన్న లాభం అక్కడికక్కడే చెల్లు. లోతు కావాల్సిన ప్రతి ఫొటోలోనూ ఇదే తంతు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. సొంత డబ్బు, సొంత సరదా. కానీ కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడో అమ్మాయో పాత క్రాప్ కెమెరాతో తీసిన ఫొటో చూపించి "ఎందుకిలా వచ్చింది?" అని అడిగినప్పుడు, "ఆ కెమెరాతో అంతే" అనేవాళ్ళున్నారే, వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ ఫైల్లోనే అంతా రాసుంది కదయ్యా! ఆడుకుంటున్న పిల్ల. షట్టర్ 1/20 సెకను. కిట్ లెన్సు ఎఫ్/5.6. నాయిస్ భయంతో ఐఎస్ఓ 400 దగ్గర కట్టేసి, రెండు స్టాపులు చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో పైకి లాగారు. మసక షట్టర్ వల్ల వచ్చింది, గరుకు ఆ లాగుడు వల్ల వచ్చింది. ఎఫ్/1.8 లెన్సు పెట్టు, షట్టర్ 1/250 చెయ్యి, ఐఎస్ఓ 2000కి వదిలెయ్యి, అదే గదిలో అదే వెలుతురులో ఎక్స్‌పోజర్ సరిపోతుంది. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెప్పరు, ఎందుకంటే ఆ ఫైలు తెరిచి చూడరు, చూసినా సగంమందికి అర్థం కాదు. వాళ్ళ మాట నమ్మి అప్పు చేసి బాడీ కొంటే, అదే 1/20తో అదే మసక వస్తుంది, ఈసారి 36 × 24లో. అప్పుడా పిల్లలు అనుకునేది "కెమెరా మంచిదే, నాకే చేతకాదు" అని. కట్టిపెట్టేస్తారు. సలహా ఇచ్చిన పెద్దమనిషి ఈలోగా ఇంకా పెద్ద సెన్సరుండే మీడియం ఫార్మాట్ గురించి ఉపన్యాసం మొదలెడతాడు. సిగ్గుండాలి.

ఫుల్‌ఫ్రేమ్ ఎవరికీ వద్దని కాదు. ఎఫ్/1.8 పెట్టాక, ఫ్లాష్‌ని కప్పు మీదికి తిప్పి కొట్టడం వచ్చాక కూడా చీకటి హాళ్ళలో ఐఎస్ఓ 6400 దాటుతున్నవాళ్ళకి, రాత్రి ఆకాశం తీసేవాళ్ళకి, ఫిల్ము కాలపు లెన్సులు సంచీనిండా ఉన్నవాళ్ళకి అది నిక్షేపంలాంటి పనిముట్టు. పక్షుల కోసం తిరిగేవాళ్ళకి కాదు. ఆరు వందల మి.మీ. చాలక 20 మెగాపిక్సెళ్ళ కానన్ 6డీ ఫొటోని క్రాప్ కెమెరా చూపేంత మేరకి కోస్తే మిగిలేది ఎనిమిది.

కొనక తప్పదంటే చేతిలో ఉన్నదాంట్లో సగానికి మించి బాడీకి పెట్టకండి. అంటే సెకండ్‌హ్యాండే. అక్కడ "షట్టర్ కౌంట్ (ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) చాలా తక్కువండీ" అనే మంత్రానికి పడిపోవద్దు. గంటలకొద్దీ వీడియో తీసి సెన్సర్‌ని కాల్చినా ఆ అంకె పెద్దగా కదలదు. నికాన్ డీ600 అయితే సెన్సర్ మీద చుక్కల గొడవ ఉంది. 2014లో కంపెనీయే ఉచితంగా సరిచేసింది కాబట్టి ఆ సర్వీసు జరిగిందో లేదో అడగండి. 2005 నాటి కానన్ 5డీలో అద్దం ఊడిపోవడం తెలిసిన జబ్బే, మళ్ళీ అతికించిందో కాదో కనుక్కోండి. అత్యధిక షట్టర్ వేగంతో ఖాళీ గోడని తియ్యండి, ఓ పక్క నల్లబడితే షట్టర్ తెర (కర్టెన్) అలిసిపోయినట్టు. మూత పెట్టి, నాయిస్ రిడక్షన్ ఆపి, ముప్పై సెకన్లు తెరిస్తే హాట్ పిక్సెళ్ళు (చీకట్లోనూ ఊరికే వెలిగే చుక్కలు) బయటపడతాయి. లెన్సయితే అపెర్చర్ పూర్తిగా తెరిచి వెనకనుంచి ఏటవాలుగా టార్చి వెయ్యండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్. "తుడిస్తే పోతుందండీ" అంటే తుడిచాకే అమ్మమనండి.

అన్నిటికన్నా ముందు ఒక ఫొటో అడగండి. తెల్లగోడ, ఎఫ్/16, ఐఎస్ఓ 100, ఫోకస్ అనంతానికి. చెయ్యి కదిలినా ఫరవాలేదు, గోడ మసకగా ఉంటేనే సెన్సర్ మీది మచ్చలు తేలతాయి. వాట్సాప్‌లో నలిగింది కాదు, అసలు రా ఫైలు. బ్లోయర్ ఊదితే పోయేవి దుమ్ము, తడి స్వాబ్‌తో తుడిచినా కొన్నాళ్ళకి మళ్ళీ పుట్టేవి నూనె. "దానికి తీరిక లేదండీ, కెమెరా మాత్రం కొత్తదానిలాగే ఉంది" అని జవాబొస్తే, ఆ నంబరు ఫోన్లోంచి తీసెయ్యండి.