ఫియట్ ముందు ఆర్మ్‌లకు ప్లేట్లు వెయ్యాలా?

(అనంతపురంలో ఒక ఇంటి షెడ్డు. 1974 మోడల్ ప్రీమియర్ పద్మిని, ఇంట్లోవాళ్ల మాటలో ‘ఫియట్’, ముందు చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద ఉంది. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైన మామ, ఆ కారునే రోజూ నడిపే అల్లుడు. చక్రాన్ని బండికి కలిపి పట్టే ఇనుప చేయిని ఆర్మ్ అంటారు; కుడివైపు కింది ఆర్మ్‌లో స్ప్రింగు కూర్చునే చోట వెంట్రుకంత పగులు బయటపడింది.)

అల్లుడు: చూశారుగా మామా. రెండు ఆర్మ్‌లకూ అడుగున ప్లేటు వేసి వెల్డింగు చేయిస్తాను. ఇక బెంగ ఉండదు.

మామ: నీకు ఉండదు, ఆర్మ్‌లు బిగించి ఉన్న అడ్డదూలానికి, అదే క్రాస్ మెంబరుకు ఉంటుంది. ఆర్మ్‌ను మొండిగా బిగిస్తే గుంతలో తగిలే దెబ్బ నేరుగా దాని బోల్టుల దగ్గరికి పోతుంది. ఆర్మ్ చెడితే పాత సామాన్ల అంగడిలో ఇంకొకటి వెతుక్కోవచ్చు. క్రాస్ మెంబరులో రంధ్రాలు సాగితే ఏం చేస్తావు?

అల్లుడు: దెబ్బ మింగాల్సింది స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, రబ్బరు. ఆర్మ్ వంగాలని ఎవరూ కోరుకోలేదు. అది వంగితే చక్రం కోణం మారి టైరు ఒకవైపే అరుగుతుంది. పైగా ఈ బండికి మూలమైన ఫియట్ 1100/103 వచ్చింది 1953లో. అప్పటి టైర్లు వేరు. నేను ఇప్పటి రేడియల్ టైర్లు వేసి 44వ నంబరు హైవే మీద కర్నూలు దాకా పోయి వస్తున్నాను. రేడియల్ రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మలుపులో ఆర్మ్ మీద పడే భారమూ ఎక్కువే.

మామ: ఆ మాట ఒప్పుకుంటాను. మరి పగులు కుడివైపే ఎందుకు వచ్చింది? హైవే ఎడమ చక్రానికి లేదా? టార్చి ఇలా పట్టు. ఎడమవైపు బంప్ స్టాప్ రబ్బరు, అంటే ఆర్మ్ పైకి లేచి ఇనుముకు తగలకుండా ఆపే దిమ్మ, ఉంది. కుడివైపు ఉత్త బోల్టే మిగిలింది. తాడిపత్రి రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ఇనుము ఇనుమునే కొట్టుకుంది. నువ్వు ప్లేటు వేసినా ఆ దెబ్బ ఆగదు, ప్లేటు అంచు పక్కన కొత్త పగులు పుడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

అల్లుడు: (తొంగి చూసి, కొంచెం తగ్గి) రబ్బరు వేయిద్దాం. కానీ పగిలిన ఇనుము మళ్లీ అతుక్కోదు కదా. అంగడిలో దొరికే ఆర్మ్ వయసు కూడా ఇంతే. అది మాత్రం అలసిపోలేదని ఎవరు చెప్పాలి?

మామ: పగులు చూసే రంగు చెబుతుంది. గ్రీజు, పెయింటు పూర్తిగా తీసి ఎర్ర ద్రవం పూసి, కాసేపు ఆగి శుభ్రంగా తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. పైన పెయింటు వేసి ‘కొత్తదే సార్’ అని అంటగట్టేవాళ్లకు ఆ గీతంటే భయం. గీత లేని ఆర్మ్ తెచ్చుకో.

అల్లుడు: దొరక్కపోతే?

మామ: అప్పుడు ప్లేటు మాట వింటాను. కాకపోతే నా పద్ధతిలో. ముందు పగులు కొనలో చిన్న రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపాలి. పగులును సాన పట్టి వెల్డింగుతో నింపాలి. ప్లేటు చివరలు కోసుగా ఉండాలి, అడ్డంగా తెగిపోయినట్టు ఉంటే బలమంతా ఆ గీత మీదే పడుతుంది. ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు, స్ప్రింగు తీసేశాకే మంట. స్ప్రింగు వేడెక్కితే దాని పదును పోతుంది. పెట్టెలా మూసేస్తే అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంచాలి, లేకపోతే లోపలినుంచి తుప్పు తింటుంది. ఇదంతా రేకు వంచి చేసిన ఆర్మ్‌కే. కాల్చి, కొట్టి చేసిన ఫోర్జింగు ముక్కల జోలికి పోవద్దు.

అల్లుడు: మీకే ఇంత తెలిసినప్పుడు వద్దని ఎందుకు వాదిస్తున్నారు?

మామ: రేపు క్రాస్ మెంబరుకూ ప్లేటు అంటావు, ఎల్లుండి ఛాసిస్‌కూ. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌ను మారిస్తే ఆ గుర్తింపు వదులుకోవాల్సిందే.

అల్లుడు: వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ పనులకు తిప్పకూడదని కూడా అదే నిబంధన. నేను దీన్ని ఆఫీసుకు తీసుకెళ్తాను మామా, ప్రదర్శనకు కాదు. ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటాను, చాలు.

మామ: (నవ్వి) సరే, ఇక్కడ నువ్వే గెలిచావు. ముందు రెండువైపులా బంప్ స్టాపులు, బుష్‌లు కొను. బుష్ బోల్టులు మాత్రం చక్రాలు నేల మీద ఆని, కారు బరువు పడ్డాకే పూర్తిగా బిగించు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో చినిగిపోతుంది. చివరగా చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్.

అల్లుడు: మరి ప్లేటు?

మామ: అట్టముక్క మీద కొలత గీసి పెట్టుకో. మంచి ఆర్మ్ దొరక్కపోతే అప్పుడు కోద్దాం.

అల్లుడు: నిన్ననే గీశాను.