తొండతో దండీలు

కరోనా లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి బయల్దేరి, ఉగాది పూట పచ్చడైనా లేకుండా ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పడిగాపులు పడి, మర్నాటికి గుంటూరు చేరి, బ్రాడీపేటలో అక్క వాళ్ల పెరటి గదిలో 14 రోజుల క్వారంటైన్‌లో పడ్డాను. ఎలా చేరానన్నది వేరే కథ, ఇప్పుడొద్దు. ఆదివారం, 2020 ఏప్రిల్ 5, నాకు పదకొండో రోజు. చెప్పాల్సింది అది.

దండీలు తీయాలన్న బుద్ధి నాది కాదు, మా బావది. రోజూ కంచం గడప దగ్గర పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి, "ఏం బామ్మర్దీ, పద్నాలుగో రోజు తలుపులోంచే వస్తావా, గోడ పగలగొట్టించాలా?" అంటాడు. ఆ కంచంలో ఐదో గారె వేసేదీ ఆయనే. అటు చూస్తే జనవరిలో ఏడాది డబ్బూ ఒకేసారి కట్టించుకున్న జిమ్ వాళ్లు, మూసేశారు కదా నా డబ్బు మాటేమిటని అడిగితే, ఇంట్లోనే చేసుకోమని వీడియో పంపారు. డబ్బు వాళ్లది, చాప నాది.

వేపచెట్టు కింద రాలిన పూత మీద ఆ చాప పరిచి, ఫోన్‌ను తులసికోటకు ఆనించి మొదలుపెట్టాను. వేసుకున్న లాగు బావదే. బాగా వదులు.

నాలుగు తీశాను. ఐదోది సగంలో ఉండగా ప్రహరీ గోడ మీద తొండ కనిపించింది. తల, గొంతు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. నన్నే చూస్తోంది. నేను కిందికి దిగాను, అదీ దిగింది. నేను లేవబోయాను, అది నాకంటే ముందే లేచింది.

జతకట్టే రోజుల్లో మగతొండలకు ఇది మామూలే. ఆడతొండ కంట్లో పడాలనీ, ఇంకో మగతొండ తన హద్దులోకి రాకూడదనీ ఇలా ఎర్రబడి దండీలు తీస్తాయి. చిన్నప్పుడు మాకివేం తెలియవు. మన నెత్తురు పీల్చే అంత ఎర్రబడిందని పరుగో పరుగు. ఇప్పుడు తెలుసు కాబట్టే అవమానం. ఎర్ర టీషర్టు, కందగడ్డ లాంటి మొహంతో దాని గోడ కిందే పైకీ కిందికీ ఊగుతున్న నేను దాని కంటికి ఎవర్ని? పోటీకొచ్చిన మగతొండని. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్నారు గానీ, సాఫ్ట్‌వేర్ వాడు ముదిరితే తొండ అవుతాడని పెద్దవాళ్లెవరూ చెప్పలేదు.

నాకూ పంతం వచ్చింది. అది పన్నెండు, నేను ఏడు. నా ఏడులో మూడు మోకాళ్లు నేలకానించి తీసినవి. తొండి ఆడింది నేను, తొండ మాత్రం ఒక్కటి కూడా దొంగలెక్క వేయలేదు. పైగా మధ్యలో ఆగి గొంతు ఉబ్బించి, 'అంతేనా?' అన్నట్టు చూస్తుంది. ఫోన్‌లో కోచ్ "సూపర్! ఇంకొక్కటే!" అంటున్నాడు, ఎవరినో తెలియదు. మెట్ల మీద కూర్చుని బావ గట్టిగా లెక్కపెడుతున్నాడు, తొండవి.

ఎనిమిదోదానికి చేతులు వణికి బోర్లా పడ్డాను. తలెత్తేసరికి గోడ మీద తొండ లేదు. ఎక్కడుందో కంటికంటే ముందు తొడకు తెలిసింది.

లాగులో తొండలు వదులుతామని పోలీసులు బెదిరిస్తారని వింటుంటాం. మాటవరసకు అనుకునేవాణ్ని. బల్లి అయితే కంగారులో తోక వదిలేసైనా పోతుంది. తొండకు ఆ అలవాటు లేదు. గోళ్లతో సహా మొత్తం ఉంటుంది.

గేటు ఎప్పుడు తీశానో తెలియదు. వీధి మధ్యలో గంతులేస్తున్నాను. ఎదురుగా రోజూ వచ్చి నా ఆరోగ్యం విచారించి ఫోన్‌లో ఎక్కించుకునే వాలంటీరు అమ్మాయి.

"అంకుల్! మీరు బయటికి రాకూడదు కదా!"

నాకు ముప్పై ఆరేళ్లు. అది అలా ఉంచండి. ఈలోగా తొండ కింద పడి, తోకెత్తుకుని రోడ్డు దాటి వెళ్లిపోయింది. దానికి క్వారంటైన్ లేదు. ఆ అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"బయటికి వచ్చిన కారణం అంకుల్?"

"తొండ."

కాసేపు వెతికింది. "దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడం. అంతే ఉన్నాయి."

"ఊపిరాడకపోవడం పెట్టమ్మా. నిజంగానే ఆడలేదు."

"అది నొక్కితే 108 వచ్చేస్తుంది అంకుల్."

చివరికి 'బయట తిరుగుతున్నారు' అని నొక్కింది. సాయంత్రానికల్లా పైనుంచి ఫోను, 14 రోజులూ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలట. తొండ గురించి చెబితే, "సాకులు చెప్పకండి సార్" అని పెట్టేశారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి, ప్రధాని చెప్పారని అందరూ దీపాలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చారు. అక్క కూడా వచ్చింది, ఒక చేతిలో ప్రమిద, ఇంకో చేతిలో కొత్త పంచాంగం. బల్లిపాటు పేజీ తీసి, ఆ వెలుగులో పెట్టి, లైన్లో అందరికీ వినబడేలా అరిచింది.

"ఒరేయ్, కుడి తొడా, ఎడమ తొడా?"

"రెండూ రాసుకోవే," అన్నాడు బావ.